బలహీనుడి ఆశ

 



సూరయె యూసుఫ్ మనమందరం ఎన్నోసార్లు విన్నదే. బిడ్డల ఎడబాటుతో దుఃఖించి చూపు కోల్పోయిన స్థితిలో కూడా హజ్రత్ యాఖూబ్ (అ), దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, వెళ్లి యూసుఫ్‌నూ అతని సోదరుణ్ణీ వెతకమని తన కుమారులకు చెప్పారు. ఆ మాట విని వారు వెళ్లింది ఎక్కడికి? ఒక ప్రభుత్వాధికారి ఎదుటికి. ఈజిప్టు ధాన్యాగారాల అధిపతి ముందు చాలీచాలని సరుకు పట్టుకొని నిలబడి, తమ ఇంటి కష్టం చెప్పుకొని, కొలత నిండుగా ఇప్పించమని అర్థించారు. ఆశను బోధించిన ఆయత్ వెంటనే అర్జీదారుల ఆయత్ రావడం నన్నెప్పుడూ ఆలోచింపజేస్తుంది. నిరాశ పడవద్దని ఇంట్లో తండ్రి చెప్పగలడు. ఆ ఆశ గడప దాటి కార్యాలయం మెట్లెక్కిన తర్వాత దాన్ని నిలబెట్టేదీ, కూల్చేదీ అక్కడ కూర్చున్నవాని మాటే.

ఆ అధికారి హజ్రత్ యూసుఫ్ (అ) అని మనకు తెలుసు. ప్రజలతో ఎలా మాట్లాడాలో కూడా ఆయన చరిత్రలోనే ఉంది. రాజు కలకు అర్థం చెప్పినప్పుడు ఏడేళ్ల కరవు రానున్నదన్న చేదు వార్తను ఆయన దాచలేదు. దానితోపాటే ధాన్యాన్ని వెన్నుల్లోనే నిలవ ఉంచమని ఉపాయం చెప్పారు. కరవు తర్వాత వానలు కురిసే ఏడాది ఉన్నదనీ చెప్పారు. నిజం, మార్గం, శుభవార్త మూడూ కలిసి వచ్చాయి. వీటిలో మొదటిది లేకుండా చివరిది మాత్రమే వినిపిస్తే అది మోసం అవుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉర్దూలో ‘ఉమ్మీద్’ వేరు, ‘తమా’ వేరు. తెలుగులో రెండింటికీ ‘ఆశ’ అనే అంటాము. అందుకేనేమో, అర్జీ పట్టుకొని వచ్చిన పేదవాణ్ణి చూసి ‘వీడికి ఆశ ఎక్కువ’ అనుకోవడం కొందరికి తేలిక.

దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ (రజి)ను, హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి)ను యమన్ ప్రాంతానికి బాధ్యులుగా పంపుతూ, ప్రజలకు సులభం చేయాలని, కష్టతరం చేయరాదని, శుభవార్త వినిపించాలని, బెదరగొట్టి దూరం చేయరాదని ఉపదేశించారు. ఇది పరిపాలకులకు ఇచ్చిన ఆదేశమన్న సంగతి మనం తరచు మరచిపోతాము. అనంతర కాలంలో అదే అబూ మూసా (రజి)కు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక లేఖ రాశారు. ముఖం చూపడంలో, కూర్చోబెట్టడంలో, తీర్పులో అందరినీ సమానంగా చూడాలని, అలా చూడకపోతే బలవంతుడు పక్షపాతానికి ఆశపడతాడని, బలహీనుడు న్యాయం మీద ఆశ వదులుకుంటాడని ఆ లేఖ సారాంశం. అధికారి ముఖకవళికలు కూడా న్యాయంలో భాగమేనని వారు ఎంచారు.

మన కోదాడ సంగతికి వస్తాను. మన జమాఅత్‌లోని ఒక వృద్ధ సోదరి భర్తను కోల్పోయి, నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను కోసం దరఖాస్తు చేసుకున్నది. ఒక కార్యాలయం చుట్టూ ఏడుసార్లు తిరిగింది. ‘సారు లేరు’, ‘పైనుండి రాలేదు’, ‘రేపు రా’ అన్న మాటలే దొరికాయి. ఎనిమిదోసారి ఒక యువ గుమాస్తా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కాగితాలు చూశాడు. భర్త పేరు మరణ ధ్రువపత్రంలో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా ఉన్నదని, అది సరిదిద్దేవరకు పింఛను రాదని చెప్పాడు. ఎక్కడికి పోవాలో చీటీ మీద రాసిచ్చాడు. అంటే ఆమెకు దొరికింది ‘కాదు’ అన్న జవాబే. అయినా ఆ సాయంత్రం మసీదు గేటు వద్ద నాతో, “హజ్రత్, ఈ రోజు పని అయింది” అన్నది.

ఆ ఏడు తిరుగుళ్లలో ఆమెను పలకరించిన దళారులు ఎందరో! దళారి అమ్మేది పని కాదు సోదరులారా, కార్యాలయం ఇవ్వని ఆశనే అతడు అమ్ముతాడు. లంచం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ శాపగ్రస్తులేనని మనం వింటూనే ఉన్నాము. చట్టం కూడా మనకు తోడుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ప్రభావితులైన వారికి దాని కారణాలు తెలియజేయాలి. అడిగిన సమాచారానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం సూర్యాపేట కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అక్కడికి వెళ్లినవారు కేకలు వేయనవసరం లేదు. ఫిరౌన్ వంటివాని వద్దకు పంపుతూ కూడా అల్లాహ్ మూసా, హారూన్ (అ)లను మృదువుగా మాట్లాడమన్నాడు.

2024 సెప్టెంబరు 1న వరద మన వీధుల్లోకి వచ్చింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అటువంటి వేళ జనానికి అన్నంతో సమానంగా కావలసింది నమ్మదగిన మాట. నీరు పెరుగుతుందా, ఎటు పోవాలి, పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? భయమో భద్రతో ఏ వార్త చెవిన పడినా చాటింపు వేయక బాధ్యుల వద్దకు చేర్చమని సూరయె నిసా నేర్పుతుంది. వాట్సాప్‌లో వచ్చినదల్లా పంపేవారు ఆ ఆయత్‌ను ఇంటికి వెళ్లి ఒకసారి చదవండి.

మనలోనూ ఉపాధ్యాయులు, మీసేవ నడిపేవారు, చౌకధరల దుకాణదారులు, కార్యాలయ సిబ్బంది ఉన్నారు. మీ కుర్చీ అమానత్. పని మీ చేతిలో లేకపోవచ్చు. ఎందుకు కాలేదో చెప్పే నోరు మీదే.

నమాజు తర్వాత మసీదు వరండాలో ఇద్దరు యువకులు కూర్చుంటారు. షేక్‌కు బదులు షైక్ అనో, బీకి బదులు బేగం అనో కాగితాల్లో పేర్లు తేడాగా పడినవారు వాటిని తీసుకొని రండి. ఆ సోదరి కాగితం ఇంకా సరికాలేదు. అల్లాహ్ ఆమె పనిని సులభం చేయుగాక. ఆమీన్.