ఎగ్మూరు గోడల్లో మన రాళ్లు



మద్రాసు ఎగ్మూరు మ్యూజియం అనగానే మనవాళ్లకు తిమింగలం అస్థిపంజరమే గుర్తొస్తుంది. 1851లో రాళ్లు, ఖనిజాలతో మొదలైన ఆ మ్యూజియం 1854లో పాంథియన్ భవనానికి మారింది. అంతకుముందు అది దొరల నాట్యాలకు, నాటకాలకు నెలవు. డాక్టర్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1855లో ఆ ఆవరణలోనే జంతుశాల పెట్టాడు. ఎముకల కన్నా బతికున్న పులినే జనం ఎగబడి చూశారంటే వింతేముంది!

పాత కట్టడాలు పడగొట్టి, వస్తువుల్ని కొత్త భవనంలో పెడితే చాలదా అంటారు కొందరు. చాలదు. మన అమరావతి స్తూపం పలకల్ని 19వ శతాబ్దంలోనే అక్కడి గోడలకు సిమెంటుతో బిగించేశారు. ఊడదీయబోతే విరిగే ప్రమాదం. వదిలేస్తే గోడలోని చెమ్మ, ఉప్పు రాయికెక్కుతాయి. గోడకొచ్చిన జబ్బు శిల్పానికీ వస్తుంది.

ఈసారి మద్రాసు వెళితే, తిమింగలాన్ని చూశాక అమరావతి హాల్లోకీ వెళ్లండి. శిల్పాలతోపాటు గోడ అడుగునా ఒకసారి చూడండి.