ఔషధం ఒక అమానతు

 



మనం నివసిస్తున్న ఈ పాత నగరంలో దారుషిఫా అనే పేట ఉంది. స్వస్థత నిలయమని ఆ పేరుకు అర్థం. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో అక్కడ రోగులకు ఆసుపత్రి, వైద్యం నేర్చుకునేవారికి విద్యాలయం వెలిశాయి. చికిత్స చేయించుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదని, వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. అయితే స్వస్థత చేకూర్చవలసిన మందే హాని చేస్తే, అప్పుడు మన ధర్మం ఏమిటి? ఈ రోజు ఆ విషయం ఆలోచిద్దాం.

2016 జూన్ చివరలో మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రిలో 13 మందికి శుక్లాల ఆపరేషన్లు జరిగాయి. ఆ తరువాత కొందరికి కళ్ళలో ఇన్ఫెక్షన్ సోకింది. వెలుగు కోసం వెళ్ళిన పేదలలో కొందరు చూపునే కోల్పోయారు. ఆపరేషన్‌లో వాడిన సెలైన్ ద్రవంలో బాక్టీరియా ఉన్నట్లు పరీక్షలో తేలింది. 2019 మార్చిలో నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రలకు బదులుగా ట్రమడాల్ అనే బలమైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పిల్లలను నీలోఫర్ ఆసుపత్రికి తరలించారు. పసిప్రాణాలు పోయాయి.

సోదరులారా! ఆ ద్రవాన్ని పరీక్షించకపోయి ఉంటే, ఆ మాత్ర ఏదో చూడకపోయి ఉంటే, ఏమయ్యేది? 'అల్లాహ్ కీ మర్జీ' అని మనమందరం కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. అదే సీసా, అదే మాత్ర మరో ఇంటికి చేరేది.

విధిని విశ్వసించడం ఈమాన్‌లో భాగమే. కానీ మనిషి చేసిన నిర్లక్ష్యాన్ని విధి ఖాతాలో వేసి నిందితుణ్ణి వదిలిపెట్టమని ధర్మం ఎక్కడా చెప్పలేదు. సిరియాలో మహమ్మారి వ్యాపించిందని తెలిసినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తన పరివారాన్ని దారిలోనే వెనక్కి మళ్ళించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని ఒక సహచరుడు అడిగితే, ఆయన నిర్ణయించిన ఒక విధి నుండి ఆయనే నిర్ణయించిన మరో విధి వైపు వెళ్తున్నామని ఆయన బదులిచ్చారు. జాగ్రత్తపడడమూ విధిలో భాగమేనని దీని భావం. సహనం అంటే గుండెను నిబ్బరం చేసుకోవడం. నోరు మూసుకోవడం కాదు.

ఈ విషయంలో షరీఅత్ ఎంత స్పష్టంగా ఉందో చూడండి. వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. బజారులో ధాన్యం కుప్పలోకి ఆయన చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు. తడిసిన గింజలకే ఇంత హెచ్చరిక ఉంటే, గడువు దాటిన సూదిమందు సంగతి ఏమిటి? నకిలీ మాత్ర సంగతి ఏమిటి?

మన దేశ చట్టం కూడా బాధితుణ్ణి వట్టి చేతులతో వదిలిపెట్టలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2020 జూలై నుండి అమలవుతున్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపభూయిష్టమైన వస్తువు వల్ల హాని కలిగితే తయారీదారును, అమ్మినవారిని కూడా నష్టపరిహారం అడగవచ్చు. సరైన హెచ్చరికలు ఇవ్వకపోవడమూ లోపమే. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. మనం నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు అయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి ఈ చట్టం వర్తించకపోయినా, హైకోర్టు, మానవ హక్కుల కమిషన్ తలుపులు తెరిచే ఉన్నాయి.

మన నగరంలోని నిమ్స్‌లో 1990లో జరిగిన ఆపరేషన్ తరువాత ఒక యువకుడి కాళ్ళు చచ్చుబడిపోయాయి. ఆయన పోరాటం సుప్రీంకోర్టు దాకా సాగింది. అక్కడ ఆయన తన వాదనను తానే వినిపించాడు. 2009లో కోర్టు కోటి రూపాయల పరిహారం, దానిపై వడ్డీ చెల్లించమని ఆదేశించింది. పంతొమ్మిదేళ్ళు పట్టింది, నిజమే. కానీ ఆ తీర్పు ఆ తరువాత ఎందరో బాధితులకు ఆధారమైంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు చెందిన ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీలును లోపం వల్ల 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో బాధితులకు పరిహారం నిర్ణయించే సమయానికి, ఆపరేషన్ చేయించుకున్నవారిలో చాలామంది ఆచూకీయే దొరకలేదు. హక్కు ఉంది, దాన్ని అందుకునే మనిషి జాడ లేదు.

అందుకే ఆధారాలను భద్రపరచండి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు నమాజు గురించి కాదు, ఉపవాసం గురించీ కాదు. అప్పు పత్రం రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం గురించి! చిన్న లావాదేవీ అయినా రాసుకోవడానికి విసుగు చెందవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. అలాంటప్పుడు మందుల దుకాణంలో బిల్లు అడగడానికి మనకు మొహమాటం ఎందుకు? బిల్లుపై బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. డాక్టరు చీటీని, మిగిలిన మాత్రలను, ఖాళీ సీసాను పారేయకండి. శరీరంలో స్టెంటు గానీ కీలు గానీ అమర్చితే దాని స్టిక్కరును అడిగి తీసుకోండి. మందు వికటిస్తే 1800 180 3024కు, వినియోగదారుల ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయండి. అనుమానం ఉన్న మందును నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించే హక్కు 1940 నాటి ఔషధ చట్టం సామాన్యుడికి కూడా ఇచ్చింది. సాక్ష్యాన్ని దాచడం పాపమని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. ఆ సీసా కూడా ఒక సాక్షియే.

మందుల దుకాణాలు నడిపే సోదరులారా! డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందును అడిగినవారందరికీ ఇవ్వడం దయ కాదు. అర్హత లేకుండా సూదులు వేసే సోదరులారా! గల్లీ జనం మిమ్మల్ని 'డాక్టర్ సాబ్' అని పిలవవచ్చు. కానీ పరలోకంలో మిమ్మల్ని ఆ పేరుతో కాదు, చేసిన పనితో పిలుస్తారు. అక్కడ గడువు లేదు, అప్పీలు లేదు.

పగ కోసం, డబ్బు ఆశతో అబద్ధపు ఫిర్యాదు చేయడమూ అన్యాయమే. నిజాయితీగా శ్రమించే వైద్యులు మన గౌరవానికి, దుఆకు అర్హులు. మనం కోరేది న్యాయం, అంతకు మించి కాదు.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. చికిత్స పొందబోయి చూపును, బిడ్డలను, ఆప్తులను పోగొట్టుకున్నవారికి ఊరట కలిగించు. మందు తయారుచేసే చేతులలో, అమ్మే చేతులలో, ఇచ్చే చేతులలో నీ భయాన్ని నింపు. హక్కును అడిగే ధైర్యాన్ని, సత్యాన్ని పలికే నాలుకను మాకు ప్రసాదించు. ఆమీన్.