కణత చాటున ఒక చిన్న ధమని
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



హోసూరు, కృష్ణగిరుల నడుమ 44వ జాతీయ రహదారిపై మోటారు సైకిళ్లమీద పోవువారు మనలో ఎందఱో కలరు. కావున వారికి తెలిసియుండవలసిన యొక చిన్న ధమనిని గూర్చి మనవి చేయుదును.

కణతపై వేలుంచినచో నాడి కొట్టుకొనుట తెలియును. అది ఎముకకు వెలుపలి ధమని. నేను చెప్పబోవునది లోపలిది. వైద్యులు దీనిని మధ్య మస్తిష్కావరణ ధమని యందురు. ఇది మెడనుండి వచ్చు బాహ్య గ్రీవధమనికి ఉపశాఖ. పుఱ్ఱె యడుగునగల సన్నని రంధ్రముగుండ లోనికి చొచ్చి, ఎముకకును, మెదడును కప్పు దళసరి పొరకును నడుమ వ్యాపించును. పేరులో మస్తిష్కమున్నను ఇది పోషించునది మెదడును గాదు. ఆ పొరను, ఎముకను. పుఱ్ఱె లోపలివైపున దీని జాడ పిల్లకాలువవలె గాడియై కానవచ్చును.

దీని ముందరి శాఖ కణత చాటుననే పోవును. అచ్చట నాలుగు ఎముకలు కలిసికొనును. ఎముకయు మిక్కిలి పలుచన. సుశ్రుతుడు 107 మర్మములను లెక్కించి, కణతలయందలి శంఖమర్మములను సద్యఃప్రాణహరములలో చేర్చుట గమనింపదగినది.

అచ్చట దెబ్బతగిలి యెముక చిట్లినచో ధమని తెగవచ్చును. రక్తము పొరను ఎముకనుండి ఒలుచుచు మెదడును నొక్కును. కొందఱు పడినంతనే స్మృతి తప్పి, పిమ్మట తేఱుకొని, చక్కగా మాటలాడుదురు. గండము గడచినదని ఇంటివారు ఊరడిల్లుదురు. కొన్ని గంటలలోనే తలనొప్పి, వాంతులు, మగత కలుగును. ఒక కంటిపాప పెద్దదగును. ఆ నడిమి తెలివియే మోసకరము. సకాలమున పుఱ్ఱె తెఱచి రక్తమును తీసి, ధమని స్రావము నాపినచో రోగి పూర్తిగ కోలుకొనవచ్చును. ఆలస్యమైనచో ప్రాణమే పోవును.

కావున మూడు విన్నపములు. మొదటిది, వాహనము నడుపువారును, వెనుక కూర్చుండువారును హెల్మెట్టు ధరించి పట్టీ బిగింపవలెను. రెండవది, తలకు దెబ్బతగిలి స్మృతి తప్పినవారు తేఱుకొన్నను, పండుకొనబెట్టి ఊరకుండక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మూడవది, ఎప్పుడు పడెనో, ఎప్పుడు తెలివి వచ్చెనో, మగత ఎప్పుడు మొదలయ్యెనో వైద్యునికి వరుసగా తెలుపవలెను. రోగి చెప్పలేడు, ఇంటివారే చెప్పవలెను. మన యింటి మాట తెలుగు. వైద్యుని మాట కృష్ణగిరిలో తమిళమో, బెంగుళూరిలో కన్నడమో కావచ్చును. తొందరలో మాట తడబడును. ఆ వేళలను ఒక కాగితముపై అంకెలలో వ్రాసి చేతికిండు. అంకెలను ఏ భాషవారైనను చదువగలరు.