మతి తప్పినవారిని మంచాన పడేయకండి



మా అబ్బాజాన్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనారు. మతిమరుపు ముదిరి ఒకనాడు ఇంటిదారి తప్పినారు. ఆనాటి నుంచి మేము తలుపుకు గొళ్ళెం పెట్టి, కుర్చీలోనే కూర్చోబెట్టినాము. అదే సేవ అనుకొన్నాము. కొన్నాళ్ళకు కాళ్ళు పట్టు తప్పినవి, రాత్రి నిద్ర పోయింది, కోపం పెరిగింది. జబ్బు ఇంకా తీసుకోనిదాన్ని మేమే తీసేసినాము.

వ్యాయామంతో డిమెన్షియా నయం కాదు. 2018లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 494 మంది రోగులను చూస్తే, గట్టి కసరత్తు ఒంటికి బలమిచ్చింది గాని మతిమరుపును ఆపలేదు. కనుక బలవంతం వద్దు. కాని కాళ్ళలో సత్తువ ఉంటేనే మనిషి తనంతట తాను లేస్తాడు, పడకుండా నడుస్తాడు.

డాక్టరును అడిగి, చేయిపట్టి గల్లీలో రెండుపూటలా నడిపించండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. పప్పు ఏరడం, బట్టలు మడవడం వంటి పాత పనులు చెప్పండి. పేర్లు మరచినా చేతులు పనిని అంత త్వరగా మరవవు. మా పేర్లు మరచిన అబ్బాజాన్‌కు ఒకరోజు పానా అందించినాము. వదులైన బోల్టు తానే బిగించి, మమ్మల్ని చూసి నవ్వినారు.

ఆ గొళ్ళెం మేము ఆలస్యంగా తీసినాము. మీరు ఆలస్యం చేయకండి.