వకీలునకు వ్యవధి



పేద ముద్దాయికి న్యాయస్థానమువారే వకీలును నియమింతురు. వకీలు ప్రక్కన నిలిచినంతనే విచారణ న్యాయమైనదగునా? ఈ విషయమును మనము యోచింతము.

1951లో హైదరాబాదు రాష్ట్రమున ఉరిశిక్ష పడిన కొందఱు ఖైదీలు, విచారణలో తమకు వకీలు లేడని సుప్రీంకోర్టునకు మొఱపెట్టుకొనిరి. వకీలు లేనంతమాత్రమున అట్టి విచారణలన్నియు చెల్లవని నియమముగా చెప్పజాలమని ఆ న్యాయస్థానము పలికెను.

కాలక్రమమున ఈ దృష్టి మాఱినది. మధ్యప్రదేశమున 2013లో ఒక ముద్దాయికి అభియోగములు మోపిన నాడే ఉచిత వకీలును నియమించిరి. రెండు వారములలో మరణశిక్ష విధించిరి. హైకోర్టు దానిని ఖాయపఱచెను. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టివేసి, మరల విచారింపుడని ఆదేశించెను. అట్టి వ్యాజ్యములలో ఉచిత వకీలునకు 10 ఏండ్ల అనుభవముండవలెననియు, సిద్ధపడుటకు సాధారణముగా కనీసము 7 దినముల గడువీయవలెననియు చెప్పెను.

ఏల? అప్పీలు కోర్టు ముఖ్యముగా చూచునది క్రింది కోర్టు కాగితములను. సాక్షిని అచ్చట అడుగని ప్రశ్నకు ఆ కాగితములలో జవాబుండదు. నాడి చూడని వైద్యుని మందెట్టిదో, దస్తరము చదువని వకీలు వాదమట్టిది. వకీలుతోపాటు వ్యవధియు ఈయవలెను. తొందరపాటు తీర్పు బాధితుల కుటుంబమునకును న్యాయము చేకూర్చదని మేము మనవి చేయుచున్నాము.