పిల్లలకు పని నేర్పుదాం, పిల్లల చేత పని చేయించుకోవద్దు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం నాయకురాలి ప్రసంగం)

పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. నేను హైస్కూల్లో చదివే మన పిల్లల గురించి నాలుగు మాటలు చెప్తాను. అందులో మా సంఘం చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్నీ దాచకుండా చెప్తాను.

నేను పదో తరగతి పాసయ్యాను. సంఘంలో చేరిన కొత్తలో బ్యాంకుకెళ్తే డబ్బులు తీసే ఫారం నింపడం రాలేదు. పక్కన నిలబడ్డాయన చేత రాయించుకున్నా. పదేళ్ళు బడికెళ్ళాను గానీ, చదివింది ఎక్కడ పనికొస్తుందో నాకు ఎవరూ చేయించి చూపించలేదు.

ఇప్పుడు కొన్ని ప్రభుత్వ హైస్కూళ్ళలో సమగ్ర శిక్ష కింద 9, 10 తరగతుల పిల్లలకు వృత్తి విద్య చెప్తున్నారు. వ్యవసాయం, కుట్టు, ఆరోగ్య సేవలు, కంప్యూటరు, ఇలా ఒక్కో బడిలో ఒక్కో రకం ఉంటుంది. మా అమ్మాయి తొమ్మిదిలో వ్యవసాయం తీసుకుంటానంటే నేను ఒప్పుకోలేదు. "పొలం పనికి బడెందుకే, మీ నాన్న వెంట వెళ్తే రాదా?" అన్నా. అయినా అది చేరింది.

ఆ ఏడు వరి మాగాణిలో మినుము చల్లుదామని మా ఆయన విత్తనాలు కొనుక్కొచ్చారు. అమ్మాయి వాటిలోంచి వంద గింజలు లెక్కపెట్టి తీసింది. తడి గోనెపట్టాలో వరసగా పేర్చి, చుట్టచుట్టి, నీడన పెట్టింది. రోజూ కాసిని నీళ్ళు చిలకరించింది. వారానికి విప్పి చూస్తే 58 మొలిచాయి. సర్టిఫైడ్ మినుము విత్తనమైతే నూటికి 75కి తగ్గకుండా మొలవాలని వాళ్ళ సారు చెప్పారంట. మా ఆయన ఆ పట్టా తీసుకెళ్ళి కొట్లో చూపిస్తే గొణుక్కుంటూనే విత్తనాలు మార్చిచ్చారు. ఇరవై ఏళ్ళుగా సేద్యం చేస్తున్న మనిషి, ఆ రోజు కూతురి ముందు కూర్చుని "ఇంకోసారి చూపించమ్మా" అన్నారు. నా నోరు అక్కడ మూతపడింది.

తర్వాత ఇంకోటి జరిగింది. పక్కనే ఉన్న ప్రాథమిక బడిలో చిన్నపిల్లలకు సాయం చెయ్యడానికి తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని పంపడం మొదలుపెట్టారు. మొదట్లో బాగానే ఉంది. ఒక పిల్లాడికి మ, య ఒకేలా కనిపించేవంట. మా అమ్మాయి నేల మీద సుద్దతో పెద్దగా రెండూ రాసి, గీత వెంబడి చింతగింజలు పేర్పించింది. నాలుగు రోజులకు వాడు తేడా పట్టేశాడు. "చెప్పడం కంటే, వాడికి ఎందుకు రావట్లేదో కనుక్కోవడమే కష్టమమ్మా" అంది. ఆ మాట పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. ఇంటర్ ఒకేషనల్‌లో ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ ఉందని కూడా అదే నాకు చెప్పింది.

రానురాను, టీచరమ్మకు మీటింగు ఉన్నప్పుడల్లా ముప్పై మంది పిల్లల దగ్గర మా అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టడం మొదలైంది. దాని లెక్కల పీరియడ్లు పోయాయి. నేను కోపంగా హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళి "మా పిల్లని చదువుకోడానికి పంపామా, మీకు చాకిరీ చెయ్యడానికా?" అని అడిగా. ఆయన అంతా విని, "అది మా తప్పేనమ్మా, సరిచేస్తాం. మరి మా పదో తరగతి పిల్ల మీ సంఘం పుస్తకాలు రాస్తూ రెండు రోజులు బడి మానేసింది. దాని సంగతేంటి?" అన్నారు.

నాకు మాట రాలేదు. నిజమే. మా బుక్‌కీపరు పెళ్ళయి వెళ్ళిపోయింది. ఆడిటు ముంచుకొచ్చింది. చదువుకున్న పిల్ల కదా అని ఎదురింటి అమ్మాయిని పిలిచి నాలుగు సంఘాల పుస్తకాలు రాయించాం. టిఫిను పెట్టి పంపించాం. "వడ్డీ ఎలా కట్టావమ్మా?" అని ఆ సాయంత్రం అడిగితే, "మీరు చెప్పిన అంకె రాశానత్తా" అంది. రెండు రోజులు బడి పోగొట్టుకుని ఆ పిల్ల ఏమీ నేర్చుకోలేదు. నేను బడి వాళ్ళని ఏమన్నానో, అదే నేనూ చేశాను.

వచ్చే మీటింగులో ఈ సంగతి చెప్పి, మూడు మాటలు తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. ఒకటి, పిల్లలు పనిలో ఉన్నంతసేపూ తెలిసిన పెద్దమనిషి పక్కనే ఉండాలి. రెండు, బడి వేళలో పిలవకూడదు, నెలకు రెండు ఆదివారాలు, గంటే. మూడు, ఇంటికెళ్ళేముందు ఆ రోజు ఏం నేర్చుకుందో తన మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు పిల్లది కాదు, మనది.

ఇప్పుడు ఆ అమ్మాయి కొత్త బుక్‌కీపరు పక్కన కూర్చుని ఒక్క సంఘం పుస్తకమే చూస్తోంది. మూడో ఆదివారం ఒక తప్పు పట్టింది. ఒక సభ్యురాలు నూటికి రూపాయి వడ్డీకి 10,000 తీసుకుని, అసలులో 2,000 కట్టేసింది. అయినా నాలుగు నెలలుగా నెలకు 100 వడ్డీ రాస్తున్నాం. "మిగిలింది 8,000 కదత్తా, 80 కదా రావాలి?" అంది. 80 రూపాయలు ఆ సభ్యురాలికి తిరిగిచ్చాం. పుస్తకాల నిర్వహణ మన పంచసూత్రాల్లో ఒకటి. దాన్ని మాకు ఆ పిల్లే గుర్తుచేసింది.

చట్టం కూడా తెలుసుకుందాం. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. 2016 నుంచి 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళను కూడా ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. "అనుభవం వస్తుంది" అని ఎవరైనా మన పిల్లల్ని కొట్టుకో, షెడ్డుకో పిలిస్తే, పక్కన ఎవరుంటారు, ఏ వేళలో, ఏం నేర్పుతారు అని ముందు అడగండి.

అక్కల్లారా, మన సంఘాల్లో పాడి ఉంది, కుట్టు ఉంది, పచ్చళ్ళున్నాయి, బ్యాంకు లావాదేవీలున్నాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి బడి లేదు. ప్రతి గ్రామ సంఘం తమ ఊరి హైస్కూలు వాళ్ళతో మాట్లాడి, ఈ ఏడు ఇద్దరు పిల్లలకైనా ఇలా దారి చూపించాలని కోరుతున్నాను. బ్యాంకు ఫారం పట్టుకుని నేను నిలబడ్డట్టు మన ఆడపిల్లలు నిలబడకూడదు.