కట్టకు గండి పడితే ఆగుతామా? ఖాతాకూ అంతే!

(పాలంపేట రైతు సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రామప్ప చెరువు కింద సేద్యం చేసే వాళ్లకు కట్ట విలువ మేం చెప్పనక్కర్లేదు. గండి పడిందని అర్ధరాత్రి కబురొస్తే, తప్పు ఎవరిదని పంచాయితీ పెట్టుకోం. ముందు ఇసుక బస్తాలు పట్టుకుని ఉరుకుతాం. కానీ బ్యాంకు ఖాతాకు గండి పడితే మాత్రం నోరు మూసుకుని కూర్చుంటున్నాం. నలుగురికి తెలిస్తే నవ్వుతారని ఇంట్లో కూడా చెప్పడం లేదు. దొంగకు కావాల్సింది మన ఆ మౌనమే.

ఒకప్పుడు రైతు సొమ్ము కొట్టేయాలంటే దొంగ అంగడి దారిలో కాచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు రైతు భరోసా, పీఎం కిసాన్, వడ్లు అమ్మిన పైసలు అన్నీ ఖాతాలోనే పడుతున్నాయి. ఎప్పుడు పడతాయో పేపర్లో వస్తుంది. మనం చదివిన వార్తే దొంగా చదువుతాడు. 2024 జూలై 18న మన రాష్ట్రంలో రుణమాఫీ మొదలైంది. ఆ రోజుల్లోనే బ్యాంకు పేరు, బొమ్మ పెట్టుకుని వాట్సాప్‌లో దొంగ సందేశాలు తిరిగాయి. నమ్మవద్దని సైబర్ సెక్యూరిటీ బ్యూరో హెచ్చరించాల్సి వచ్చింది. పీఎం కిసాన్ పేరుతోనూ ఇదే దందా సాగింది.

ఆ సందేశంతో ఏపీకే అనే ఫైలు వస్తుంది. దాన్ని నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఫోన్‌లోకి దొంగ యాప్ చేరుతుంది. బ్యాంకు పంపే ఓటీపీలు మనకంటే ముందే వాడికి తెలుస్తాయి. మనం ఎవరికీ ఓటీపీ చెప్పకపోయినా పైసలు పోతాయి. ఓటీపీ చెప్పకపోతే చాలు అనుకునే రోజులు పోయాయి.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకుందాం. ఏ ప్రభుత్వమూ, ఏ బ్యాంకూ వాట్సాప్‌లో యాప్ పంపదు. ఈ-కేవైసీ కావాలంటే మీసేవకు పోదాం, లేదా ఏఈవోను అడుగుదాం. రెండోది, ఫోన్‌లో పిన్ కొట్టేది పైసలు పంపడానికే. మనకు రావాల్సిన పైసలకు పిన్ అక్కర్లేదు. మూడోది, వేలిముద్ర కూడా తాళం చెవే. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేస్తూ పట్టుబడ్డాడు. ఆ పత్రాల మీద వేలు పెట్టిన రైతు చేసిన తప్పేముంది? ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళం వేసుకునే వీలుంది. అయితే రేషన్ షాపులో వేలు పెట్టే ముందు ఆ తాళం మళ్లీ తీయాలి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా గండి పడితే? వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పోయిన సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారుతూ ఉంటుంది. దొంగ దాన్ని తీసుకోకముందే ఫిర్యాదు అందితే దారిలోనే ఆపే వీలుంటుంది. అలా ఆగిన సొమ్మును మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా కొందరు బాధితులకు తిరిగి ఇప్పించారు కూడా. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాలి. మర్నాడు కాగితం రాసిచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఆ ముద్ర కోసం ఎందుకు పట్టుబట్టాలో వినండి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. తప్పు ఖాతాదారుది కాకుండా, బయటివాళ్ల మోసం వల్ల పైసలు పోయి, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పని దినాల్లో ఫిర్యాదు చేస్తే, ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదు. తప్పు ఖాతాదారుదే అయినా, ఫిర్యాదు చేసిన తర్వాత పోయే సొమ్ముకు బ్యాంకుదే బాధ్యత. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిందీ బ్యాంకే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆ నంబరు 14448.

చదువు రాని ముసలమ్మ బ్యాంకుకు పోతే "నువ్వే నొక్కినవ్, మేమేం చేస్తం" అని తిప్పి పంపడం ఇక చెల్లదు. సొమ్మంతా ఖాతాల్లోనే వేస్తామన్న వాళ్లు ఆ ఖాతాకు కాపలా కూడా ఉండాలి. ప్రతి శాఖలో మోసపోయిన రైతు ఫిర్యాదు ఆ రోజే తీసుకుని రసీదు ఇవ్వాలి. ప్రతి కొనుగోలు కేంద్రంలో, ప్రతి రైతు వేదికలో 1930 నంబరు పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇవి మన డిమాండ్లు.

మన వంతు పని కూడా ఉంది. ఈ రోజు ఇంటికి పోగానే గోడ మీద 1930 అని రాసుకుందాం. పక్కింటాయన మోసపోయాడని తెలిస్తే నవ్వొద్దు, ఫోన్ చేయించి వెంట బ్యాంకుకు పోదాం. గండి ఎవరి పొలం ముందు పడినా బస్తా మోసేది మనమే కదా!